గొడుగు ఆరని ఊళ్లో: కనజవాలో ఒక పనివారం

ఆదివారం

నేనుండేది టోక్యోలో, నిషికసాయి అనే పేటలో. మనదేశం వాళ్లు బాగా స్థిరపడిన చోటు, కందిపప్పుకీ చింతపండుకీ కరువుండదు. ఉద్యోగం ఇక్కడి కంపెనీలోనే, టీమ్‌లో సగం మంది మాత్రం హైదరాబాద్‌లో. ఏడాదిలో కొన్ని వారాలు జపాన్‌లో ఎక్కడి నుంచైనా పనిచేసుకునే వీలుంది మాకు. ఆ వీలుని ఎక్కువమంది ఒకినావాకో హొక్కైడోకో వాడుకుంటారు. నేను నవంబరు చివర్లో జపాన్ సముద్రం వైపున్న కనజవాకి పెట్టుకున్నాను. "అక్కడ ఈ నెలంతా వానే కదా" అన్నారు ఆఫీసులో. అవును, అందుకే.

మాది నెల్లూరు. రాష్ట్రమంతా నైరుతిలో తడిసి ఆరాక, మాకు అసలు వాన కార్తీకంలో పడుతుంది. ఈశాన్యం నుంచి వచ్చే పొడిగాలి బంగాళాఖాతం మీదుగా వస్తూ వస్తూ తడి ఎత్తుకుని మా మీద దించిపోతుంది. కనజవా సంగతీ దాదాపు ఇదే. చలికాలంలో సైబీరియా గాలి జపాన్ సముద్రం దాటాలి. ఆ సముద్రంలో సుషిమా ప్రవాహం అనే వెచ్చటి నీళ్లు పారుతుంటాయి. గాలి అక్కడ ఆవిరి తాగి ఒడ్డెక్కేసరికి ఎదురుగా కొండలు, అందులో హకుసాన్ ఒక్కటే 2,702 మీటర్లు. మబ్బులు దాటలేక అక్కడే కురుస్తాయి. డిసెంబరులో కనజవాలో సగటున 300 మిల్లీమీటర్లు పడితే, కొండల అవతల టోక్యోలో 60 కూడా పడదు. ఏడాది మొత్తం చూస్తే కనజవాకి సుమారు 2,400, టోక్యోకి సుమారు 1,600. నెల్లూరు వదిలాక నవంబరు వాన నాకు మళ్లీ దొరకలేదు. అది దొరికే ఊరొకటి రైల్లో రెండున్నర గంటల దూరంలో ఉందని తెలిశాక ఆగలేకపోయాను.

టోక్యో స్టేషన్లో ఎండ కాస్తోంది. కగయాకి షింకన్‌సెన్ ఎక్కాను. 2015 మార్చిలో ఈ లైను కనజవా దాకా వచ్చింది, 2024లో ఇంకా ముందుకి సురుగా వరకు పొడిగించారు. నగానో దాటి సముద్రం వైపు దిగుతుండగా కిటికీ అద్దం మీద చినుకులు పడ్డాయి. రైలు వేగానికి అవి కిందికి జారడం లేదు, అడ్డంగా పరుగెడుతున్నాయి.

స్టేషన్ బయట అడుగుపెట్టగానే నెత్తిమీద పెద్ద అద్దాల కప్పు. అల్యూమినియం కడ్డీల అల్లిక, పైన గాజు. 2005లో పూర్తిచేశారు. వానకీ మంచుకీ పేరుబడ్డ ఊరు కాబట్టి, దిగిన మనిషికి ముందుగా ఒక గొడుగు పట్టాలి అనే ఆలోచనతో కట్టింది ఇది. ముందున్న చెక్క ద్వారం, నో అనే పాతకాలపు జపాన్ నాటకాల్లో వాయించే సుజుమి అనే చిన్న డోలు ఆకారంలో, రెండు మెలితిరిగిన స్తంభాల మీద నిలబడి ఉంటుంది. జనమంతా దాన్ని ఫొటో తీసుకుంటున్నారు. నేను చాలాసేపు పైకప్పునే చూశాను. అతిథి రాగానే కాళ్లకి నీళ్లిచ్చే మర్యాద ఎరిగినవాళ్లకి ఆ కప్పు ఎందుకుందో వేరే చెప్పక్కర్లేదు.

సోమవారం

అసానో నది దగ్గర పాత చెక్క ఇల్లొకటి, అందులో మేడమీది గది అద్దెకి తీసుకున్నాను. నల్లటి మెరుగు పెంకులు, గచ్చు బదులు తతామి చాప, కింద హీటరున్న పొట్టి బల్ల. ఆ బల్లే నా ఆఫీసు.

హైదరాబాద్ కంటే ఇక్కడ మూడున్నర గంటలు ముందు. అక్కడ పది గంటలకి లాగిన్ అయ్యేసరికి ఇక్కడ ఒంటిగంటన్నర. అంటే పొద్దున్న ఆరున్నరకి కూర్చుంటే, ఎవరూ పలకరించని నాలుగైదు గంటలు నావి. కోడ్ రాయడానికి అంతకంటే మంచి వేళ లేదు. పదకొండు నుంచి ఒంటిగంటన్నర దాకా ఊరు తిరగడం. తర్వాత మీటింగులు, రాత్రి ఏడున్నర ఎనిమిది దాకా.

మొదటి రోజే అర్థమైంది, ఇక్కడి వాన మా నెల్లూరు వానలా పట్టుబట్టి కురిసేది కాదు. పావుగంట జల్లు, పది నిమిషాలు ఎండ, మళ్లీ వడగళ్లు, మళ్లీ ఎండ. ఒక్కోసారి ఎండా వానా ఒకేసారి. కిందుండే ఇంటి పెద్దావిడ, నేను తలుపు దగ్గర నిలబడి ఆకాశం చూస్తుంటే, స్టాండులోంచి గొడుగు తీసి చేతికిచ్చింది. "ఆగేదాకా ఉంటే మీరు ఏమీ చూడలేరు. వెళ్లండి, దారిలో అదే ఆగుతుంది" అంది. అన్నం డబ్బా మరిచినా గొడుగు మరవొద్దని ఇక్కడివాళ్ల సామెత. స్కూలు పిల్లల నుంచి సూటు వేసుకున్నవాళ్ల దాకా ఎవరూ వాన కోసం పని ఆపడం కనిపించలేదు.

వీసా సంగతి చాలామంది అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. ఎక్కడి నుంచైనా లాప్‌టాప్ మీద పనిచేసుకునేవాళ్ల కోసం జపాన్ 2024 మార్చిలో డిజిటల్ నోమాడ్ వీసా మొదలుపెట్టింది. ఆరు నెలల గడువు, ఏడాదికి కోటి యెన్‌ల ఆదాయం చూపాలి. కానీ వీసా మినహాయింపు ఉన్న దేశాలకే అది, ఆ జాబితాలో భారత్ లేదు. టూరిస్టు వీసా మీద వచ్చి లాప్‌టాప్ తెరుద్దామనుకోకండి. ఇక్కడ ఉద్యోగం, ఉద్యోగ వీసా ఉన్నవాళ్లకి మాత్రం ఈ దేశంలో ఊరు మారి పనిచేసుకోవడం హాయి.

మంగళవారం

సోమవారాలు మూసి ఉంటుంది కాబట్టి ఇవాళ ఇషికావా ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది, కనజవా దాని ముఖ్యపట్టణం) లైబ్రరీకి వెళ్లాను. కోడాత్సునో గుట్ట మీద, యూనివర్సిటీ ఇంజనీరింగ్ విభాగం ఉండిన స్థలంలో 2022 జులైలో తెరిచారు. లోపలికి వెళ్తే గుండ్రటి పెద్ద హాలు. నాలుగు అంతస్తుల ఎత్తున చుట్టూ పుస్తకాలే, మెట్లు మెట్లుగా పైకి లేస్తాయి. మధ్యలో నిలబడి తల తిప్పితే ఎటు చూసినా పుస్తకాల వెన్నులు. సుమారు 500 సీట్లున్నాయి, కుర్చీలే ఎన్నో రకాలు. ఒకచోట గోడలోకి దూరి కూర్చునే గూడు, ఇంకోచోట పొడవాటి బల్ల, మరోచోట మోకాళ్లు ముడుచుకుని కూర్చునే మెత్త.

ఊరివాళ్లయినా పైవాళ్లయినా లోపలికి డబ్బు కట్టక్కర్లేదు, కార్డు అడగరు. వైఫై ఉంది. నా పక్కన ఒక ముసలాయన పాత మ్యాపులు పరిచి చూస్తున్నారు, ఇటుపక్క ఇద్దరు హైస్కూలు పిల్లలు లెక్కలు చేసుకుంటున్నారు. తక్కువ గొంతుతో మాట్లాడుకోవచ్చు, ఎవరూ కసరరు. మీటింగుకి మాత్రం గదికి వచ్చేశాను, అది మర్యాద. మన జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో పేపరు కోసం వరసలో కూర్చుని పెరిగినవాణ్ని. ఒక ప్రాంతం తన జనానికి ఇలాంటి హాలు కట్టిపెట్టుకుందంటే, ఆ ఊరికి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

తలుపు దగ్గర గొడుగుల స్టాండు. ఒక్కో గొడుగుకి ఒక్కో గాడి, దానికి నంబరు, చిన్న తాళంచెవి. గొడుగు కర్రని గాడిలో పెట్టి, చెవి తిప్పి తీసి జేబులో వేసుకోవాలి. ఈ ఊళ్లో ఏ మ్యూజియంకి వెళ్లినా ఇదే ఏర్పాటు. వరసలో ఖాళీగా ఉన్న గాడులు తక్కువ.

బుధవారం

మధ్యాహ్నం విరామంలో కెన్‌రోకుఎన్ తోటకి. జపాన్‌లో మూడు గొప్ప తోటలంటే అందులో ఒకటి. 11.4 హెక్టార్లు. 1583లో కనజవా కోటలోకి అడుగుపెట్టిన మయెదా తొషీయే వంశం వాళ్లు తరతరాలుగా పెంచింది. ప్రజలకి 1874లో తెరిచారు. పొద్దున్నే ఆరింటికల్లా ఉచితంగా లోపలికి వదులుతారు, మామూలు వేళ మొదలయ్యేలోగా బయటికి రావాలి. పనిచేసుకునేవాళ్లకి అది మంచి అవకాశం. నేను మాత్రం పనివాళ్లని చూడాలని పదకొండింటికి వెళ్లాను.

నవంబరు 1 నుంచి డిసెంబరు మధ్యదాకా ఇక్కడ చెట్లకి యుకిజురి కడతారు. ఈ తీరంలో పడే మంచు తడి మంచు, బరువెక్కువ, కొమ్మల్ని విరిచేస్తుంది. అందుకని చెట్టు పక్కన పొడవాటి గుంజ నిలబెట్టి, దాని కొన నుంచి గడ్డితాళ్లు దించి, ఒక్కో కొమ్మకి ఒక్కో తాడు కడతారు. మొట్టమొదట కట్టేది చెరువు గట్టున ఉన్న కరాసాకి పైన్ చెట్టుకి. దానికొక్కదానికే 800 తాళ్లు పడతాయట.

నేను వెళ్లేసరికి దాని పని అయిపోయింది, పక్క చెట్టు మీద నడుస్తోంది. గుంజ కొసన ఒకతను, వానకోటు వేసుకుని, భుజానికి తాళ్ల చుట్ట. కేక వేసి ఒక్కో తాడూ విసురుతాడు. కింద ఉన్నవాడు అందుకుని కొమ్మకి చుట్టి, లాగి చూసి, ముడి వేయకముందు రెండడుగులు వెనక్కి వచ్చి కొమ్మ ఒంపు చూస్తాడు. కొమ్మ పైకి లేవకూడదు, తాడు వదులుగా ఉండకూడదు. నచ్చకపోతే విప్పి మళ్లీ కడతాడు. ఇంత వానలో, ఇంకా పడని మంచు కోసం, ఒక కొమ్మ ఒంపు దగ్గర అతను అంతసేపు ఆగడం చూస్తే నాకు గౌరవం కలిగింది.

ఈ తోట నీళ్ల కథ కూడా చెప్పాలి. 1631లో ఊరికి పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. మరుసటి ఏడాది, 1632లో, ఇతాయా హెయిషిరో అనే అతను సాయి నది ఎగువ నుంచి సుమారు 11 కిలోమీటర్ల తత్సుమి కాలవ తవ్వించాడు. తోటకీ కోటకీ మధ్య పల్లం ఉంటే, పైపుల్లో నీళ్లు దించి, ఆ ఒత్తిడితోనే అవతలి గట్టుకి ఎక్కించారు. ఇప్పటికీ తోటలో ఒక ఫౌంటెన్ మోటారు లేకుండా చిమ్ముతుంది, పై చెరువుకీ దానికీ ఉన్న ఎత్తు తేడాయే దాని బలం. ఊరంతా కలిపి ఇలాంటి కాలవలు 55 ఉన్నాయి, మొత్తం పొడవు 150 కిలోమీటర్లు. ఇన్ని నీళ్లు పడే ఊరు వాటిని ఊరికే సముద్రంలోకి వదిలేయలేదు.

రాత్రి మీటింగు ఎనిమిదింటికి అయింది. నడుచుకుంటూ 21వ శతాబ్దపు సమకాలీన కళా మ్యూజియంకి వెళ్లాను. సెజిమా కజుయో, నిషిజావా ర్యూయే ఇద్దరూ కలిసి గీసిన గుండ్రటి గాజు భవనం, 2004లో తెరిచారు. 2024 జనవరి 1న ఉత్తరాన నోటో ద్వీపకల్పంలో వచ్చిన భూకంపానికి లోపలి పైకప్పు అద్దాలు ఊడిపడి, ప్రదర్శన గదులు జూన్ దాకా మూతపడ్డాయి. ఇప్పుడంతా మామూలే. టికెట్టు అక్కర్లేని భాగం రాత్రి పదింటిదాకా తెరిచి ఉంటుంది.

అందులో అమెరికన్ కళాకారుడు జేమ్స్ టర్రెల్ చేసిన గది ఒకటి. తెల్లటి గోడలు, గోడవెంట కూర్చోడానికి అరుగు, పైకప్పు మధ్యలో చదరంగా తెరిచిన ఆకాశం. అద్దం లేదు. వాన సరాసరి గదిలోకి పడుతుంది. లోపలి దీపాల వెలుగులో ఒక్కో ధార కప్పు అంచు దాటుతుండగా తెల్లగా కనబడి, నేలకి తగిలి మాయమవుతుంది. నేల మధ్యలో తడి చదరం, చుట్టూ పొడి అంచు. నాతోపాటు ఇంకొకావిడ ఉంది, ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు. పొద్దుటినుంచి స్క్రీన్ చూసిన కళ్లకి ఆ గది చేసిన మేలు ఇంతా అంతా కాదు. మళ్లీ మర్నాడూ వెళ్లాను.

గురువారం

ఇవాళ బంగారు రేకు. జపాన్‌లో తయారయ్యే బంగారు రేకులో 99 శాతం పైన ఈ ఒక్క ఊరిదే. క్యోటోలో బంగారు గుడి కింకాకుజీ మీద మెరిసేదీ ఇక్కడ కొట్టిన రేకే. పది యెన్‌ల బిళ్లంత బంగారాన్ని కొట్టి కొట్టి ఒక తతామి చాపంత పరుస్తారు. మందం మిల్లీమీటరులో పదివేలో వంతు. కాగితాల మధ్య పెట్టి కొట్టాలి. ఆ కాగితాన్ని గడ్డి బూడిద నీళ్లలో, పచ్చి పెర్సిమన్ రసంలో, గుడ్డు సొనలో నానబెట్టి సిద్ధం చేయడమే సగం పని అంటారు. ఈ పాత పద్ధతి 2020లో యునెస్కో జాబితాలో చేరింది, జపాన్ చెక్క కట్టడాలని కాపాడే విద్యల్లో ఒకటిగా.

హిగాషి చాయా అనే పాత పేట దగ్గర ఒక చిన్న వర్క్‌షాపులో కూర్చుని నేనూ ఒక చెక్క పెట్టెకి రేకు అతికించాను. రేకు 10.9 సెంటీమీటర్ల చదరం. వెదురు పుల్లలతోనే ఎత్తాలి, వేలు తగిలితే వేలికే అంటుకుపోతుంది. నేర్పే ఆవిడ రేకుని తోలు పలక మీద పరిచింది. అది ముడతలు పడి ఉంది. ఆవిడ వంగి, నడిమధ్యన, ఫూ అని ఒక్క చిన్న ఊపిరి వదిలింది. ముడతలన్నీ నడుమ నుంచి అంచులకి పరుగెత్తి, రేకు నీటిలాగా సమంగా పరుచుకుంది. నేను ఎన్నిసార్లు ఊదినా ఒక మూల ముడత మిగిలింది.

గదిలో ఏసీ లేదు, ఫ్యాన్ లేదు. కిటికీ బయట వాన. "ఈ తడిగాలి లేకపోతే మా పనే లేదు" అంది ఆవిడ. పొడిగాలిలో స్టాటిక్ విద్యుత్తు పుట్టి రేకు కాగితానికీ పుల్లకీ అతుక్కుని చిరిగిపోతుందట. ఈ ఊరి చేతివృత్తుల్లో ఇంకోటి ఉరుషి పూత, దాని ప్రాణమూ ఇదే. ఉరుషి చెట్టు గాయం నుంచి కారే పాలు. మన ఏటికొప్పాక లక్క పురుగు నుంచి వచ్చేది, అది వేరు. ఉరుషి ఎండలో ఆరదు. గాలిలో 70, 80 శాతం తేమ ఉంటేనే గట్టిపడుతుంది. వాన ఈ ఊరికి వాతావరణం మాత్రమే అనుకుని వచ్చాను. ఇక్కడ అది ముడిసరుకు. బంగారం, చెట్టుపాలు ఎక్కడైనా దొరుకుతాయి. ఈ తడి ఇంకోచోటికి మోసుకుపోలేరు.

హైదరాబాద్ పాతబస్తీలో, చార్మినార్ దగ్గర సందుల్లో తోలు పొరల మధ్య వెండి వరఖ్ కొట్టే సుత్తి చప్పుడు విన్నవాళ్లుంటారు. ఆ మాట ఆవిడకి చెప్పాను. ఫోనులో వీడియో వెతికి చూపిస్తే, సుత్తి ఎన్ని దెబ్బలకోసారి పక్కకి తిప్పుతున్నాడో లెక్కపెడుతూ రెండుసార్లు చూసింది.

శుక్రవారం

తెల్లవారకముందే ఉరుములు. కిటికీ తలుపులు అదిరాయి. మన దగ్గర ఉరుములు ఎండాకాలం చివర వస్తాయి, ఇక్కడ చలికాలం మొదట్లో. ఈ సీజన్ ఉరుముని బురి చేపల్ని లేపే ఉరుము అంటారు, దాని తర్వాత తోయమా అఖాతంలో వలల నిండా పడతాయని. ఏడాదికి 40 రోజులకి పైగా ఉరుములు వినబడే ఊరిది.

పనిదినం మామూలుగానే నడిచింది. మీటింగులో నా మైక్ లోంచి ఉరుము వినబడితే హైదరాబాద్‌లో వాళ్లు మాటలాపి అడిగారు. మధ్యలో అమ్మ ఫోను. "ఏందబ్బయా, ఆడ గూడా వానేనా? ఈడ రెండ్రోజుల్నుంచి ముసురు, బట్టలు ఒక్కటీ ఆర్లా" అంది. నా బట్టలూ ఆరలేదు. రాత్రి కాయిన్ లాండ్రీలో వేశాను, అక్కడ ఊరి జనమంతా అదే పని మీద ఉన్నారు.

మధ్యాహ్నం ఒయామా గుడి ద్వారం చూశాను. 1875లో కట్టింది, మూడంతస్తులు, పై అంతస్తుకి రంగురంగుల గాజు. కొసన పిడుగుకడ్డీ ఉంది, జపాన్‌లో మిగిలిన వాటిలో అదే పాతదంటారు. ఇన్ని ఉరుముల ఊళ్లో అది ఇక్కడే ఉండటం సబబే. రాత్రి ఒక చిన్న కొట్టులో ఓదెన్ తిన్నాను. పులుసులో ఉడికిన ముల్లంగి, గోధుమ జిగురుతో చేసి బండి చక్రంలా గుండ్రంగా ఉండే ఫూ. శాకాహారులకి ఒక హెచ్చరిక: పులుసు చేపలతో కాచిందే.

శనివారం

లాప్‌టాప్ మూసేసి ఓమిచో మార్కెట్‌కి. కప్పున్న ఇరుకు సందులు, సుమారు మూడు వందల ఏళ్ల సంత. నవంబరు 6న పీతల వేట మొదలవుతుంది, ఇప్పుడు బల్లల నిండా అవే. మగపీతకి నీలం రంగు చీటీ కట్టి ఉంటుంది, దాని ధర మనలాంటివాళ్లు చూసి ముందుకి నడవాల్సిందే. నాకు నచ్చింది ఆడపీత, కోబాకో అంటారు. అరచేతిలో పట్టేంత చిన్నది. డొప్ప విప్పితే లోపల నారింజ రంగు గుడ్డు, కింద పొట్టకి అంటి ఇంకో రకం గుడ్డు, ఇది పళ్ల కింద చిటచిటమంటుంది. వేట ఏడాదికి రెండు నెలలు కూడా ఉండదు, డిసెంబరు 29 దాకానే. నెల్లూరువాణ్ని, పీత తినడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. కొట్టతను నా ముందు ఖాళీ అయిన డొప్ప చూసి, తలూపి, ఇంకోటి పెట్టాడు.

నాగమాచిలో సమురాయ్‌ల మట్టిగోడల పక్కన కాలవ వెంట నడిచాను. ఓనోషో కాలవ, ఊరి కాలవల్లో అన్నింటికన్నా పాతది. డిసెంబరు మొదట్లో ఈ గోడలకి గడ్డిచాపలు కడతారు, తడిమంచు అంటుకుని మట్టి పెళ్లలుగా ఊడిపోకుండా. ఊళ్లో కొన్ని రోడ్ల నడుమ తుప్పురంగు చారలు కనిపిస్తాయి. మంచు కరిగించడానికి భూగర్భ జలం చిమ్మే పైపులున్నాయి కింద, ఆ నీళ్లలోని ఇనుము మరక అది.

సాయంత్రం చేతివృత్తుల దుకాణంలో నోటోలోని వాజిమా నుంచి వచ్చిన ఒకావిడ ఉరుషి గిన్నెలు అమ్ముతోంది. భూకంపం నాడు అక్కడ పొద్దుటి సంత వీధి మంటల్లో పోయింది, ఆ సెప్టెంబరులోనే వరద కూడా వచ్చింది. ఆవిడ ఇల్లూ పనిగదీ రెండూ పోయాయి. "కర్ర తెప్పించుకోవచ్చు, బ్రష్షులు కొనుక్కోవచ్చు. పక్కింట్లో కూర్చుని మొదటి పూత వేసే మనిషి ఊరు వదిలి వెళ్లిపోతే ఏం చేస్తాం" అంది. ఒక్క గిన్నె చాలామంది చేతుల మీదుగా తయారవుతుంది కాబట్టి, ఒక్కరు లేకపోయినా పని ఆగుతుంది. ఒక ఎర్ర గిన్నె కొన్నాను. వేడి వేడి చారు పోసుకున్నా చేతికి కాలదు, రోజూ వాడితేనే మెరుగు పెరుగుతుందని, దాచిపెట్టొద్దని మరీ మరీ చెప్పింది.

ఆదివారం

పొద్దున్న రైలు. ఫిబ్రవరిలో ఇంకో వారం కావాలని మేనేజర్‌కి రైల్లోంచే రాశాను. ఈసారి కనజవాలో సగం, మిగతా సగం నోటో వైపు. వాజిమాకి కనజవా స్టేషన్ నుంచే బస్సుంది. ఆ ఆవిడ ఊరికి తిరిగి వచ్చి, తాత్కాలిక షెడ్డులో పని మళ్లీ మొదలుపెట్టిందట. తన పని చూడటానికి రమ్మంది, వస్తానని మాటిచ్చాను.